నాలుగు వేల ఎనిమిది వందల ఒకటో పోగు

మగ్గాల వీధిలో పాపన్న కోరిక తెలియని మనిషి లేడు. మేడలు అడగలేదు, మాన్యాలు అడగలేదు. నిలబడి చేసే పని ఒకటి దొరికితే చాలన్నాడు. అంత చిన్న కోరిక విని దేవుడు కూడా, దీనికి నేనెందుకులే అనుకుని వదిలేసినట్టున్నాడు.

పన్నెండో ఏట ధర్మవరంలోని ఆ వీధిలోనే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. ఇంట్లో నేల తవ్వి చేసిన గుంట అది. నేతమనిషి దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ, పైన చేతులతో అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ విసరాలి. పొద్దున దిగితే పొద్దుగుంకేదాకా అంతే. వీధిలోంచి చూస్తే మనిషి నడుము దగ్గర ఆగిపోయి, మిగతాది భూమి మింగేసినట్టు కనిపిస్తాడు. పాపన్న ఆరడుగుల మనిషని పెళ్ళిచూపుల్లో ఎవరికీ తెలియలేదు. అప్పుడు కూడా గుంటలోనే ఉన్నాడు. పెళ్ళిలో పీటల మీద నుంచి లేచి నిలబడితే, పక్కనున్న పెళ్ళికూతురు నీలావతి మెడ ఎత్తి చూసి, "ఓయమ్మ, ఇంకా ఉండాడే!" అంది. హిందూపురం పిల్ల. మనసులో మాట పెదవి దగ్గర ఆపుకునే అలవాటు లేదు.

నేత లేని రోజు పాపన్న రైలుకట్ట పక్కకు పోయేవాడు. బడికి పోయింది మూడేళ్ళే. ఎక్కాలు ఇరవై దాకా వచ్చు, ఆపైవి సొంతంగా అల్లుకున్నాడు. గూడ్సు పెట్టెల మీద తెల్లరంగుతో రాసిన సంఖ్యలు చదివి, బండి కదిలేలోపు వాటిని విరగ్గొట్టడం అతని ఆట. ఇది మూడింట పోతుంది, ఇది పదకొండింట పోతుంది, దీంట్లో పదమూడు దాక్కున్నాడు. ఒక్కొక్కటి మాత్రం ఎంత కొట్టినా పగిలేది కాదు. ఒకటితో పోతుంది, తనతో తాను పోతుంది, ఇంక దేనితోనూ పోదు. చదువుకున్నవాళ్ళు వీటిని ప్రధాన సంఖ్యలని గౌరవంగా పిలుస్తారు. పాపన్న మొండోళ్ళు అనేవాడు. బండి కదిలిపోతున్నా మొండోడు రాసున్న పెట్టె వెంట నాలుగడుగులు నడిచేవాడు, పిల్లను అత్తారింటికి సాగనంపే తండ్రిలాగ.

1936లో, శనక్కాయలు పీకే కాలంలో, పెనుకొండ నుంచి కార్డు వచ్చింది. అక్కడి స్టేషన్లో పట్టాలు మార్చే పని చేసే పాత స్నేహితుడు వీరభద్రయ్య రాశాడు. "ఈ సోమవారం కాదు, దాని మీద వచ్చే సోమవారం పొద్దున పదిగంటలకు మా మాస్టరు ఒక మనిషిని తీసుకుంటాడు. జెండా చూపించే పని. కూర్చుందామన్నా కుర్చీ ఉండదు. నువ్వు ఎదురుగా వచ్చి నిలబడల్ల, లేకుంటే ఇంకొకడు నిలబడతాడు." పాపన్న ఆ కార్డు పదకొండుసార్లు చదివాడు. కుర్చీ ఉండదన్న చోట ప్రతిసారీ ఆగి నవ్వుకున్నాడు.

సరిగ్గా అదే వారం అమ్మవారి చీర చీటీ అతని పేరున వచ్చింది.

ఆ వీధివాళ్ళు ఏడాదికొకసారి చీటీలు వేసి, పేరు వచ్చినవాడి చేత అమ్మవారికి పట్టుచీర నేయించి ఇస్తారు. ప్రతి నేతింటి నుంచీ ఇంత పట్టు తెచ్చి కలిపి, చీర నిలువు పోగులైన పడుగు పోస్తారు. ఏ పోగు ఏ ఇంటిదో అమ్మవారికి తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి పడుగు మగ్గానికెక్కాక ఒక్క పోగు తెంచరాదు. చీటీ వచ్చినవాడు కంకణం కట్టుకుని అమ్మవారి మగ్గమున్న ఇంట్లోకి పోతే, చీర దిగేదాకా వాడు గడప దాటరాదు, ఇంకొకరు లోపలికి రారాదు. వెనక పెరడు వరకు పోవచ్చు. అమ్మవారికి కూడా ఆ మాత్రం ఇంగితం ఉంది. అన్నిటికంటే పెద్ద నియమం పువ్వులది. చీర వెడల్పునా పువ్వులు వరసగా రావాలి, ప్రతి పువ్వుకూ సమానంగా పోగులుండాలి, చివర ఒక్క పోగు కూడా మిగలకూడదు. శేషం మిగిలితే అమ్మకు కోపం మిగిలినట్టే.

పాపన్న వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. శుక్రవారం కంకణం. నేతకు ఎనిమిది రోజులు. పై శుక్రవారానికి చీర దిగుతుంది. శనివారం పూజ. ఆదివారం ఒకటి మిగులుతుంది. సోమవారం పొద్దున పెనుకొండ పాసింజరు. ఒకరోజు ఆలస్యమైనా పరవాలేదు. రెండు రోజులైతే గుంటే గతి.

శుక్రవారం పొద్దున కులపెద్ద గంగాధరప్ప కంకణం కట్టి, "ఈ ఏడు నలభై ఎనిమిది పువ్వులు రా పాపన్నా" అన్నాడు. పడుగు నాలుగు వేల ఎనిమిది వందల పోగులు. పువ్వుకు నూరు. ఇంత సాధువైన సంఖ్య ఇంకోటుండదు. రెండింట, మూడింట, ఐదింట, ఎనిమిదింట, ఎటు లాగినా వస్తుంది. పాపన్న ఎడమ అంచు నుంచి నూరుకొక గుర్తు పెట్టుకుంటూ పోయాడు. నలభై ఎనిమిదో గుర్తు పెట్టాక కుడి అంచున ఒక పోగు నిలబడి అతని వైపు చూస్తోంది.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఉంది. కుడి నుంచి ఎడమకు పెట్టాడు. ఈసారి ఎడమన ఉంది. మామూలు చీరైతే అంచులో దూర్చి నోరు మూసుకుంటారు. ఇది అమ్మవారిది. కిటికీలోంచి కేకేసి, పడుగు పోసిన ఉలిగమ్మను పిలిపించాడు. మొగుడు పోయిన మనిషి, పడుగులు పోసే బతుకుతోంది.

"ఉలిగత్తా, ఎన్ని పోగులు పోసినావ్?"

"పుంజానికి నూట ఇరవై, నలభై పుంజాలు. నేను పుట్టినప్పట్నుంచీ అదే కదబ్బా."

"ఒకటి ఎక్కువుండాది."

"నా చేతిలో ఎక్కువ రాదు, తక్కువ రాదు. మీ నాయనకు పోసిందీ ఈ చెయ్యే."

"ఎట్ల లెక్కపెట్టినావో ఒక తూరి నోటితో చెప్పు."

ఉలిగమ్మ కళ్ళు మూసుకుని, గాలిలో వేళ్ళు ఆడిస్తూ మొదలుపెట్టింది. "లాభం. ఒకటి. రెండు. మూడు..."

"ఆగత్తా! లాభమేంది?"

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు. పోగుల లెక్కలో ఆ మాట ఎవరూ వాడరు. ఉలిగమ్మ అంతకు ముందు వారం నల్లమాడలో శనక్కాయల కళ్ళం దగ్గర విని వచ్చింది. మంచి మాట కదా, అమ్మవారి పడుగుకు పనికొస్తుందని దాచుకుంది.

"లాభమంటే ఒకటే అత్తా. దాని తర్వాత రెండనల్ల!"

"అదెట్లబ్బా? అమ్మకు లాభమని ఇచ్చి, మళ్ళా ఒకట్లో కోత కోస్తానా? లాభం లాభమే, ఒకటి ఒకటే."

"నలభై పుంజాలకూ అన్నావా?"

"నాకేమన్నా పిచ్చా? ఒక్క తూరి చాలదా?"

అప్పటికే కిటికీ దగ్గర జనం చేరారు. గంగాధరప్ప వాళ్ళ వైపు తిరిగి, "ఒక పోగు తీసేద్దామంటారా? ఎవరింటిది తీద్దాం?" అన్నాడు. అంతమందీ ఒకే గొంతుతో "మాది కాదు" అన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ వీధి ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

"వేరే లెక్కన పంచురా. నలభై ఎనిమిది కాకుంటే నలభై ఆరు. ఏదో ఒకదానితో పోకుండా ఉంటాదా?" అని గంగాధరప్ప పోయాడు.

పాపన్న పెరట్లో పొయ్యి నుంచి బొగ్గు తెచ్చుకుని, సున్నం కొట్టిన గోడ మీద భాగారాలు మొదలుపెట్టాడు. రెండింట పోదు, కాబట్టి నాలుగు, ఆరు, ఎనిమిది చూడనక్కరలేదు. మూడుతో ఒకటి మిగిలింది. ఏడుతో ఆరు. పదకొండుతో ఐదు. పదమూడుతో నాలుగు మిగిలితే, దగ్గరికొస్తున్నాడని ఆశపడ్డాడు. పదిహేడుతో మళ్ళీ ఏడు. రైలుకట్ట దగ్గర ఇలాంటివాడు తగిలితే సంతోషంగా చూసి పంపేవాడు. ఇప్పుడు వాడు గుంటకు అడ్డంగా కూర్చున్నాడు, తను లోపలున్నాడు. శనివారం మధ్యాహ్నానికి గోడ మీద నిలువెత్తున అంకెలు పేరుకున్నాయి. అడుగున, అరవై ఏడును డెబ్బై ఒకటితో గుణించి, శేషం నలభై నాలుగు అని రాసి బొగ్గు పారేశాడు.

గంగాధరప్ప కిటికీ ఊచలు పట్టుకుని, "అయ్యిందా?" అన్నాడు.

"అయ్యింది మామా. వీడు మొండోడు. దేనితోనూ పోడు."

"ఆడికే ఆపినావు కదరా. డెబ్బై మూడు ఏం పాపం చేసింది?"

"డెబ్బై మూడుతో పోతే దానికి జత ఇంకోటి రావల్ల కదా. రెండూ డెబ్బైకి పైనే ఉంటే నాలుగు వేల తొమ్మిది వందలు దాటిపోతాది. అంటే జతలో ఒకడు డెబ్బై కిందే ఉండల్ల. డెబ్బై కింద ఉండే మొండోళ్ళు పంతొమ్మిది మంది. అందరి తలుపులూ కొట్టినా. ఒక్కడూ తియ్యలే."

గంగాధరప్ప గోడంతా చూశాడు. తల ఊపాడు. చాలాసేపు ఆలోచించాడు. "వెయ్యితో చూసినావా?" అన్నాడు.

పాపన్న తలను మగ్గం కొయ్యకు మెల్లగా రెండుసార్లు కొట్టుకున్నాడు.

"పోనీ, ఇంకో పోగు చేరిస్తే?" అన్నాడు పెద్దాయన.

"అది చూసినా. నాలుగు వేల ఎనిమిది వందల రెండు. సగం చేస్తే రెండు వేల నాలుగు వందల ఒకటి. దాన్ని పగలగొడితే ఏడు, ఏడు, ఏడు, ఏ..."

"అమ్మ దగ్గర ఆ ఏడుపు అంకె పలకొద్దు రా! ఆరున్నొకటి అను."

"ఆరున్నొకటి, ఆరున్నొకటి, ఆరున్నొకటి, ఆరున్నొకటి."

"నాలుగు తూర్లా? ఊరు నిలుస్తాదా?" చెవులు మూసుకుని గంగాధరప్ప వెళ్ళిపోయాడు.

గుంటలో కాళ్ళు చల్లబడ్డాయి. ఈ రోజు పొద్దుగుంకేలోపు తొలి నాడె పడకపోతే పెనుకొండ లేదు. చీటీ రాకముందు ఈ గుంట నుంచి సాయంత్రానికైనా లేచేవాడు. ఇప్పుడు గుంట, గుంట చుట్టూ ఇల్లు, ఇంటి చుట్టూ వీధి, వీధి మీద అమ్మవారు. ఒకదాంట్లో ఒకటి పెట్టిన డబ్బాల్లో అన్నిటికంటే చిన్న డబ్బాలో ఉన్నాడు.

నీలావతి వచ్చింది. లోపలికి రాకూడదు. కిటికీ కింద చతికిలబడింది.

"మొండోడంటే ఏందో నాకూ చెప్పు."

"పదమూడు చుక్కలు పెట్టు. సమానంగా వరసలు చెయ్యి. ఒకటి మిగుల్తాది."

ఆమె దుమ్ములో వేలితో చుక్కలు పెట్టడం కిటికీలోంచి కనిపిస్తోంది. కాసేపటికి, "మిగల్లేదే" అంది.

"మిగుల్తాది నీలా. పంతొమ్మిది మందిని అడిగినా."

"నువ్వు యా మొగోళ్ళను అడిగినావో నాకు తెల్దు. ఈ ముగ్గు చూడు. ఇటు ఆరు, అటు ఆరు, ఇది నడిమి చుక్క. ముగ్గు మొదలయ్యేదే దీంతో. దీన్ని మిగిలిందంటే మా అవ్వ చీపురు తీసుకుంటాది."

పాపన్న గుంటలో లేచి నిలబడ్డాడు. ఇటు రెండు వేల నాలుగు వందలు. అటు రెండు వేల నాలుగు వందలు. ఒక్కో పక్క నూరేసి పోగులతో ఇరవై నాలుగు పువ్వులు, అన్నీ మధ్యకు మొహం తిప్పి. నడుమ ఆ పోగు ఒక్కటే, ఎవరి పక్కనా చేరకుండా, వరసకొక జరీ చుక్క పెట్టుకుని. రెండు రోజులుగా అతను ఆ మొండోణ్ణి పగలగొట్టాలని చూశాడు. కూర్చోబెట్టాలని తోచలేదు.

"గంగాధరప్పమామను పిల్చు! పరిగెత్తు! పొద్దుండాది ఇంకా!"

ఇంతవరకూ పాపన్నను పట్టింది సంఖ్య. అది న్యాయమైనది, అడిగితే జవాబు చెప్పింది. ఇప్పుడు మనుషులు పట్టుకున్నారు.

గంగాధరప్ప విన్నాడు. ముగ్గు చూశాడు. మొహం వెలిగింది, మళ్ళీ ఆరింది. "బాగుండాది. కానీ కొత్త పద్ధతి. నా అంతట నేను సరే అనేదానికి లేదు. మన కులానికంతా పెద్దదిక్కు, తాడిమర్రి పెద్దాయన్ని అడగల్ల" అన్నాడు. ఆదివారం తెల్లారి బండి కట్టించుకుని పోయాడు. ఆదివారాలు తాడిమర్రి పెద్దాయనకు మౌనవ్రతం. గంగాధరప్ప ఆ ఇంట్లో భోంచేసి, పడుకుని, సోమవారం నోరు తెరిచాక అడిగితే ఆయన, "దీనికి నన్నడిగేదేముండాది?" అన్నాడట. ఆ ఒక్క మాట మోసుకుని బండి చేరేసరికి పొద్దుగుంకింది.

మంగళవారం తొలి నాడె పడింది.

అక్కణ్ణుంచి పాపన్న నేసిన తీరు చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎనిమిది రోజుల పనిని ఆరింట్లో ముగిద్దామని చూశాడు. పట్టు పోగు తెగితే అంతే కాబట్టి చెయ్యి దానంతట అదే నెమ్మదించేది. కాలు ఉరికేది, చెయ్యి ఆపేది. ఆ సోమవారం రానే వచ్చింది. చీర ఇంకా మూరెడు మిగిలే ఉంది.

పొద్దున్నే ఉలిగమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. చీర చెడితే ఇంక ఆమెకు ఎవరూ పడుగు ఇవ్వరని వీధిలో అప్పుడే మాట పుట్టింది.

"పో నాయనా. తలుపు తీసే ఉండాది. నీ బండికి ఇంకా టైముండాది. నేను నల్లమాడకు పోయి శనక్కాయలు ఒలుచుకుంటా."

పాపన్న నాడె ఆపాడు. ఒక కాలు గుంటలోంచి తీసి అంచు మీద పెట్టాడు. నిజమే, తలుపు తీసే ఉంది. వాకిట్లో ఎండ, ఎండలో కోడి, కోడి అవతల రోడ్డు. ఆ కాలును అక్కడే ఉంచుకుని కొంతసేపు చూశాడు. దూరంగా స్టేషన్లో పాసింజరు కూత పెట్టింది.

"పోతాండావా?" అంది ఉలిగమ్మ.

"నోరు మూసుకో అత్తా. లెక్క తప్పుతాది" అని కాలు లోపలికి దించాడు.

మంగళవారం చీర దిగింది. నలభై ఎనిమిది పువ్వులు, నడుమ నిలువునా జరీ చుక్కల గీత. చూసినవాళ్ళకు మాట రాలేదు, వచ్చాక ఆగలేదు. నడిమి పోగు మా ఇంటిదంటే మా ఇంటిదని కొట్టుకునేదాకా వచ్చారు. పదకొండు రోజుల ముందు మాది కాదన్నవాళ్ళే. గంగాధరప్ప చెయ్యెత్తి, "అది ఎవరింటిదీ కాదు. అమ్మ అడిగి వేయించుకున్న పోగు. ఇంక ప్రతి ఏడూ నాలుగు వేల ఎనిమిది వందల ఒకటే. ఈ చేత్తోనే" అని పాపన్న చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"మామా, అది లాభం దగ్గర జరిగిన..."

"మూసుకోరా" అన్నాడు గంగాధరప్ప, నవ్వు చెదరకుండా.

గోడ మీది భాగారాలకు ఎవరో పసుపు కుంకుమ పెట్టారు. ఆ గోడకు మళ్ళీ సున్నం వేయనివ్వలేదు. కొత్త కోడళ్ళు వచ్చి, శేషం నలభై నాలుగుకు దండం పెట్టుకుని పోయేవాళ్ళు. పెనుకొండ ఉద్యోగం ఇంకొకడికి పోయింది. వాడు పొట్టివాడట. పాపన్నకు అది ఇంకా మండింది.

ఆ తర్వాత తప్పించుకోవడానికి అతను చేయని పని లేదు. పక్క మగ్గాల ఇద్దరికి నడిమి పోగు లెక్క నేర్పబోయాడు. వాళ్ళు నేర్చుకోకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారంటే, అందులో సగం కష్టంతో నేర్చుకోవచ్చు. ఒక ఏడు పడుగు మగ్గానికెక్కకముందే దొంగతనంగా ఒక పోగు లాగేశాడు. నాలుగు వేల ఎనిమిది వందలైతే ఎవడైనా నేస్తాడు కదా అని. అప్పటికి ఉలిగమ్మకు వీధిలో మహా గౌరవం. ఆమె "లాభం, ఒకటి, రెండు" అంటూ లెక్కపెట్టి, "అమ్మ పోగును ఎవడో ఎత్తుకపోయినాడు, వాడి చెయ్యి పడిపోను!" అని వీధి మధ్య నిలబడి అరిచింది. పాపన్న భోజనాల వేళలోపు ఆ పోగును తెచ్చి యథాస్థానంలో పెట్టాడు. యుద్ధం వచ్చి పట్టు దొరకనప్పుడు మళ్ళీ ఆశపడ్డాడు. "నూలు కలపండి, లెక్క మాత్రం కదల్చొద్దు" అన్నాడు గంగాధరప్ప. ప్రతి ఏడూ కంకణం, కిటికీ, గుంట. కిటికీ కింద నీలావతి, ఊసుపోక పెట్టే ముగ్గు.

1948లో చీర దిగాక, ఆలుమగలిద్దరూ హిందూపురం పెళ్ళికి బయలుదేరి, దారిలో వీరభద్రయ్యను చూసిపోదామని పెనుకొండలో దిగారు. వీరభద్రయ్య నెలలో పని మానేయబోతున్నాడు. పాపన్నను చూసి, "రాప్పా, నీ పని నీకోసమే దాచినా. గూడ్సొస్తాండాది, ఈ పొద్దు జెండా నువ్వు చూపించు" అని పచ్చ జెండా చేతికిచ్చాడు.

పాపన్న నిలబడ్డాడు. ఆరడుగులు. నలభై దాటినవాడు, మొదటి రోజు బడికి పోయే పిల్లాడిలా నవ్వాడు. గూడ్సు ఆలస్యం. పావుగంటకు మోకాళ్ళు వణికాయి. అరగంటకు నడుము ఒకపక్కకు ఒరిగింది. కుర్చీ కోసం చూశాడు. కార్డులో రాసింది నిజమే, లేదు. ఎవరూ చూడటంలేదనుకుని మెల్లగా ప్లాట్‌ఫారం అంచున కూర్చుని, కాళ్ళు పట్టాల వైపు వేలాడేశాడు. ప్రాణం హాయిగా ఉంది. కుడికాలు కిందికి, ఎడమకాలు పైకి. ఎడమ కిందికి, కుడి పైకి. పాదాలు లేని పలకలను తొక్కుతున్నాయి.

"ఓ పాపన్నా! కాళ్ళు పైకి తియ్యప్పా! బండొస్తాండాది!" వీరభద్రయ్య అరిచాడు. నీలావతి చొక్కా పట్టి వెనక్కి లాగింది. పాపన్న కాళ్ళు ముడుచుకుని, కూర్చునే జెండా ఎత్తాడు. గూడ్సు దానిమానాన అది పోయింది.

"లెయ్ ఇంక. మన బండి వస్తాది" అంది నీలావతి.

"ఉండు నీలా" అన్నాడు, దుమ్ములో అంకెలు గీస్తూ, కాళ్ళు మళ్ళీ అంచు కిందికి దించుతూ. "ఆఖరు పెట్టె మీదోడు మొండోడు మాదిరుండాడు. ఇరవై మూడు దాకా చూసినా."